ఊరి వ్యాపారి ఎంపీ అయిన కథ రాయాలంటే

శతజయంతి సంచిక వేస్తున్నాం, మా నాన్నగారి జీవితం రాసిపెట్టండి అని వచ్చేవాళ్లు నా చేతిలో పెట్టే ఫైలు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. దండలతో ఫొటోలు, సన్మాన పత్రాలు, 'దానకర్ణుడు' అని పొగిడిన పేపర్ కటింగులు. మీకూ అదే ఇస్తారు. తీసుకుని పక్కన పెట్టండి.

ముందు కొట్టు సంగతి చూడాలి. కొడుకుల కంటే పాత గుమాస్తా నయం. "అయ్యగారు మంచివారేనా" అంటే అవుననేస్తాడు, ఇంక చెప్పడానికేమీ ఉండదు. "అరువు ఎవరికి ఇచ్చేవారు, ఎవరికి ఇచ్చేవారు కాదు, వసూలుకి ఎవర్ని పంపేవారు" అని అడగండి. పాత చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) అటక మీద దొరికాయా, ఇక మీ పంట పండినట్టే. ధాన్యం వ్యాపారి అనుకుందాం. రైతు పేరు, బస్తాలు, ఇచ్చిన బయానా, వడ్డీ అన్నీ వరసగా ఉంటాయి. పంట పోయిన ఏడాది ఆ బాకీ ఏమైందో చూడండి. కొట్టేశారా, వడ్డీని అసలులో కలిపి కొత్త ప్రోనోటు రాయించుకున్నారా? తర్వాత ఓట్లు ఎందుకు పడ్డాయో, ఏ ఊళ్లో పడలేదో సగం అక్కడే తేలిపోతుంది.

తర్వాత ఢిల్లీ. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో 1952 నుంచీ లోక్‌సభ చర్చలు ఉచితంగా చదువుకోవచ్చు. పేరును రెండు మూడు స్పెల్లింగులతో వెతకండి, ఇంటిపేరు ఒక్కోచోట పొడి అక్షరమే ఉంటుంది. 1952లో గెలిచినవారైతే ఎన్నికల సంఘం నివేదికలో ఆంధ్రప్రదేశ్ కోసం వెతక్కండి. అప్పటికి ఆ రాష్ట్రమే లేదు. కోస్తా, రాయలసీమ మద్రాసు కింద, తెలంగాణ హైదరాబాద్ కింద ఉంటాయి.

"సభలో నోరు విప్పలేదు" అని ఊళ్లో అనేవాళ్లుంటారు. నమ్మే ముందు నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు చూడండి. వాటికి జవాబు రాతలోనే వస్తుంది, లేచి మాట్లాడే పని లేదు. ఇంగ్లీషుకి, హిందీకి జంకే వ్యాపారికి అదే సుఖం. ప్రజల సమస్యల్ని సభ దృష్టికి తెచ్చే 377 నిబంధన కింద ఇచ్చిన అంశాలూ వదలకండి. మిల్లరు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. రైల్వే వ్యాగన్లు, లెవీ బియ్యం (మిల్లులు ప్రభుత్వానికి తప్పనిసరిగా అమ్మాల్సి వచ్చిన వాటా), గోనె సంచులు... నాకైతే పుస్తకం మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే.

డబ్బు సంగతి 2003 తర్వాత పోటీచేసిన వాళ్లకి సులువు, నామినేషన్‌తో ఇచ్చిన ఆస్తుల అఫిడవిట్లు ఉన్నాయి. రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చదవండి. ఆస్తి పెరిగిందని కనిపించగానే అక్రమం అనేయకండి, బైపాస్ పక్కన పొలం ఉంటే రేటు దానంతటదే పెరుగుతుంది. ఆ అఫిడవిట్ రాసే ఇప్పటి ఫారం 26లో కొన్న తేదీ, కొన్న ధర కూడా రాయాలి. అవి చూసి మాట్లాడండి.

కమ్యూనిటీ హాలు సొంత డబ్బుతో కట్టించారని ఇంట్లోవాళ్లు చెబితే శిలాఫలకం దాకా వెళ్లిరండి. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు. ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పనిని సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. 1980లలో కట్టిన హాలైతే ఎంపీ నిధులు కావు, సొంత డబ్బో, చందాలో కావచ్చు. చందాల పుస్తకం అడగండి.

ఓడిన ఎన్నికకి కూడా ఒక అధ్యాయం ఇవ్వండి. కుటుంబం "గాలి మారింది" అని దాటేస్తుంది. గెలిచినప్పటి ఓట్లు, ఓడినప్పటి ఓట్లు నివేదికల నుంచి తీసుకోండి. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ కూడా పోయినట్టే, అదీ రాయాల్సిందే. 2004, 2009 అంకెల్ని మాత్రం ఊరికే పోల్చకండి. మధ్యలో నియోజకవర్గాల పునర్విభజన జరిగి హద్దులు మారాయి. ఆయన కొట్టున్న ఊరు అదే నియోజకవర్గంలో మిగిలిందో లేదో ముందు మ్యాపులో చూసుకోండి.