జామాయిల్ తోట ముదిరేకొద్దీ నేల బలం ఎటు పోతుంది? పట్టి ఉంచడం ఎలా?

జామాయిల్ మొదటి కోతకు వచ్చిన బరువు మూడో కోతకు రాకపోతే తప్పును వాన మీదో, క్లోను (నాటిన మొక్క రకం) మీదో వేస్తారు. కోశాక మళ్లీ పిలకలు వేయాల్సిన మోళ్లలో (నరికిన మొదళ్లలో) చచ్చినవి ఎన్నో ముందు లెక్కపెట్టండి. మోళ్లు నిండుగా ఉండి కూడా బరువు తగ్గిందంటే నేలను చూడాల్సిందే. నర్సంపేట, మహబూబాబాద్ వైపు ఎర్ర చల్కల్లో, దుబ్బ నేలల్లో ఇది ఎక్కువ. నల్లరేగడిలో కాల్షియం, పొటాష్ సాధారణంగా సరిపడా ఉంటాయి, అక్కడ జింకు, ఇనుము లోపాలను చూసుకుంటే చాలు.

నాటిన మొదటి ఏడు మొక్క తినేది తక్కువ, కలుపు తినేదే ఎక్కువ. ఆ తర్వాత పైన కొమ్మలు కలిసిపోయేదాకా చెట్టు ఆకు కట్టుకుంటుంది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లను నేల నుంచి జోరుగా లాగేది అప్పుడే. కొమ్మలు కలిశాక లెక్క మారుతుంది. ఆకు రాలే ముందే చెట్టు అందులోని నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో మంచి వాటాను వెనక్కి లాక్కుని చిగురుకు పంపుతుంది. అందుకే మూడో ఏడు వేసిన యూరియా చెట్టులో పెద్దగా కనిపించదు. కాల్షియం అలా వెనక్కి రాదు. కొంత రాలిన ఆకుతో పోతుంది, చాలా భాగం బెరడులో పేరుకుంటుంది.

వేళ్లు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం తీసుకున్నప్పుడల్లా బదులుగా ఆమ్లాన్ని వదులుతాయి. ఆకు, బెరడు అక్కడే కుళ్లితే ఆ ఆమ్లం విరుగుతుంది. అవి పొలం దాటితే పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) మెల్లగా దిగుతుంది, అంటే నేల ఆమ్లంగా మారుతుంది. హిమాలయాల పైన్ తోటల్లోనూ జరిగేది ఇదే. కాకపోతే అక్కడ ఒక కోతకు దశాబ్దాలు పడుతుంది, ఇక్కడ 4 ఏళ్లకే లారీ వచ్చి నిలబడుతుంది.

మట్టి పరీక్షలో చాలామంది మోసపోయేది లోతు దగ్గర. ముదురు తోటలో వేళ్లు కింది నుంచి లాగిన పోషకాలు ఆకుతో పాటు పైన పడతాయి. పై 15 సెంటీమీటర్ల మట్టి ఒక్కటే తీస్తే రిపోర్టు బాగానే వస్తుంది, కింద మాత్రం నేల వట్టిపోయి ఉంటుంది. కాబట్టి 0–15, 15–30, 30–60 సెంటీమీటర్లు మూడూ వేరువేరుగా తీయండి. నేల ఒకే తీరుగా ఉంటే 5 ఎకరాలకు 10 చోట్లు చాలు, సగం సాలులో, సగం సాళ్ల మధ్యలో. పైన రాలి పరుచుకున్న ఆకు అలాన్ని చేత్తో పక్కకు నెట్టాకే గడ్డపార దింపాలి. అలం మట్టిలో కలిస్తే సేంద్రియ కర్బనం అంకె లేనిపోని గొప్పగా వస్తుంది. మట్టిని ప్లాస్టిక్ టబ్బులో కలపండి. జింకు పూత ఉన్న ఇనుప బకెట్ వాడితే జింకు అంకె చెడుతుంది, ఎరువు సంచి అసలే వద్దు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారబోస్తూ అర కిలోకు తెచ్చి, నీడలో ఆరబెట్టండి. గట్టు పక్కన ఏమీ సాగు చేయని పడావు భూమిలోంచి కూడా అవే లోతుల్లో ఒక నమూనా తీయాలి. తోట ఎంత తిన్నదో చెప్పేది ఆ పోలికే. ఏప్రిల్, మే నెలల్లో తీయండి, తర్వాతి పరీక్షకూ అదే నెల పట్టుకోండి.

సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా, నత్రజని ఎకరాకు 112 కిలోల కన్నా, జింకు 0.6 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) కన్నా తక్కువుంటే లోపమే. పీహెచ్ పడావు కన్నా అర పాయింటు దిగిందంటే కాల్షియం పోతోందని అనుమానించాలి. 5.5 కన్నా తక్కువైతేనే సున్నం. పీహెచ్ బాగుండి కాల్షియం ఒక్కటే తక్కువైతే జిప్సం సరిపోతుంది.

అలాన్నీ తూచి చూడొచ్చు. 50 సెంటీమీటర్ల చదరం పుల్లలతో గీసి, అందులోని ఆకంతా ఎత్తి ఎండబెట్టండి. పావు కిలో తూగితే ఎకరాకు సుమారు 4 టన్నులు. వేలితో తవ్వినప్పుడు కింద నల్లటి మెత్తటి పొడి తగలాలి. పైనుంచి కిందిదాకా పచ్చి రాలుడులాగే విడివిడి ఆకులుంటే పోషకాలు ఇంకా అందులోనే బందీగా ఉన్నట్టు. అలాన్ని ఎప్పుడూ కాల్చొద్దు. నత్రజని, గంధకం పొగలో పోతాయి, బూడిదలో మిగిలిన పొటాష్ తొలి వానకే కొట్టుకుపోతుంది.

అసలు నష్టం కోత రోజు జరుగుతుంది. కూలీలు కట్టెనంతా బాట పక్కకు మోసుకొచ్చి అక్కడ బెరడు తీస్తారు, వాళ్లకు అదే సులువు. ఆ కుప్ప పక్క పిలకలు నల్లగా నిగనిగలాడుతుంటే, మిగతా తోట పాలిపోతుంది. కూలీతో బేరమప్పుడే చెప్పండి: చెట్టు పడ్డచోటే బెరడు తీయాలి, మండలు, ఆకు సాళ్ల మధ్య పరచాలి. మోడును మాత్రం కప్పొద్దు, పిలక రాదు. వంటకు మండలు కావాలంటే ఆకు రాల్చుకుని ఎండిన పుల్లలే పట్టుకెళ్లమనండి, మండల్లోని బలంలో ఎక్కువ భాగం ఆకులోనే ఉంది.

పరచిన బెరడు, మండలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకుంటాయి. తొలి వానలకు పిలకలు పసుపెక్కడం అందుకే. మోడుకు ఒకటి రెండు మంచి పిలకలు ఉంచి మిగతావి తీసేశాక, తడి నేలలో మోడుకు 50 గ్రాముల యూరియా, 25 గ్రాముల పొటాష్ ఇవ్వండి. 3×2 మీటర్ల తోటలో ఎకరాకు సుమారు 670 మోళ్లు, అంటే 34 కిలోల యూరియా, 17 కిలోల పొటాష్. మోడుకు అడుగున్నర దూరంలో రెండు వైపులా 4 అంగుళాల గుంత తీసి, వేసి, మట్టి కప్పాలి. అలం మీద చల్లిన యూరియా అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది.

ఎండాకాలం చల్కలో కొనచిగురు ఎండి, పక్క నుంచి గుబురుగా చిగుళ్లు వస్తే బోరాన్ లోపం. చెట్టుకు 10 గ్రాముల బోరాక్స్ కోతకు ఒక్కసారే. మళ్లీ మళ్లీ వేస్తే ఆకు అంచులు మాడతాయి.

తోట తీసేసి పంటకు మళ్లాలంటే మొదటే పత్తి, మక్క పెట్టొద్దు. కుళ్లుతున్న వేళ్లు నత్రజనిని పట్టేసుకుంటాయి. వానాకాలం మొదట్లో ఎకరాకు 12 కిలోల జీలుగ చల్లి, పూత దశలో కలియదున్ని, ఆ తర్వాత పెసర గానీ కంది గానీ వేయండి.