హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఇల్లు ఏ ఏరియాలో తీసుకోవాలి?

ఆఫర్ లెటర్ రాగానే చాలామంది అద్దె ఇళ్ల యాప్ తెరిచి, బడ్జెట్ కొట్టి, ఫొటోలు బాగున్న ఇల్లు వెతుకుతారు. వరస అక్కడే తిరగబడుతుంది. అద్దె చివర్న చూడాల్సిన లెక్క. ముందు ఆఫీసు గేటు, తర్వాత దారి, ఆ తర్వాత నీళ్లు. ఈ మూడూ కుదిరిన చోట అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా కాలు నిలుస్తుంది. ఒక్కటి చెడినా ఏడాది తిరక్కుండా మళ్లీ లారీ మాట్లాడుకోవాలి, మళ్లీ అడ్వాన్సు కట్టాలి, పిల్లల బడి మళ్లీ మార్చాలి.

ఆఫీసు గేటు

"హైటెక్ సిటీలో ఆఫీసు" అనేది చిరునామా కాదు. మాదాపూర్ సైబర్ టవర్స్ నుంచి రాయదుర్గం మైండ్‌స్పేస్ దాకా అన్నిటినీ జనం ఆ పేరుతోనే పిలుస్తారు, ఒక్కోసారి గచ్చిబౌలిని కూడా కలిపేస్తారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అంటే నానక్‌రామ్‌గూడ వైపు, ఇంకా అవతల. ఉద్యోగాలన్నీ పడమర దిక్కునే ఉన్నాయనుకోవడం కూడా పొరపాటే. ఇన్ఫోసిస్‌కి పోచారంలో క్యాంపస్ ఉంది, టీసీఎస్‌కి ఆదిబట్లలో ఉంది, ఫార్మా, బయోటెక్ వాళ్ల జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట వైపు. గచ్చిబౌలిలో ఇల్లు తీసుకున్నాక పోస్టింగ్ పోచారం అని తెలిస్తే రోజూ నగరం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లి రావాలి.

అందుకే హెచ్‌ఆర్‌ని నాలుగు సంగతులు అడిగి, మెయిల్లో రాయించుకోండి. ఏ బిల్డింగు, ఏ గేటు. వారంలో ఏయే రోజులు ఆఫీసుకి రావాలి. షిఫ్టు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది. కంపెనీ క్యాబ్ ఉంటే దాని హద్దు ఎక్కడిదాకా. ఈ చివరిది చాలామంది అడగరు. హద్దు దాటి అర కిలోమీటరు అవతల ఇల్లు తీసుకున్నా క్యాబ్ గుమ్మం దాకా రాదు, క్యాబ్ ఆగే నోడల్ పాయింటుకి మీరే వెళ్లాలి. రాత్రి షిఫ్టులో, అందులోనూ ఆడవాళ్లకి, ఆ అర కిలోమీటరు చిన్న విషయం కాదు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులై ఒకరిది ఉప్పల్, ఇంకొకరిది గచ్చిబౌలి అయితే సరిగ్గా మధ్యలో ఇల్లు చూడాలనిపిస్తుంది. అలా చేస్తే ఇద్దరూ ట్రాఫిక్‌లోనే ఉంటారు. ఆఫీసుకి ఎక్కువ రోజులు వెళ్లాల్సినవాళ్లకి, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవాల్సినవాళ్లకి దగ్గరగా తీసుకుని, రెండోవాళ్లకి మెట్రో అందేలా చూసుకోవడం మేలు.

దారి

మ్యాపు చూసి దూరం కొలవద్దు, వేళ కొలవండి. కేపీహెచ్‌బీ నుంచి సైబర్ టవర్స్‌కి రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు. ఇంటి పక్కనే మెట్రో స్టేషన్ ఉంది కదా, హైటెక్ సిటీలోనూ స్టేషన్ ఉంది కదా అని ధైర్యపడతారు. కానీ కేపీహెచ్‌బీ ఉన్నది మియాపూర్-ఎల్బీనగర్ రెడ్ లైన్ మీద, హైటెక్ సిటీ ఉన్నది నాగోలు-రాయదుర్గం బ్లూ లైన్ మీద. రెండూ కలిసేది అమీర్‌పేటలో. అంటే ఎనిమిది స్టేషన్లు ఆ వైపు వెళ్లి, రద్దీలో రైలు మారి, మళ్లీ ఎనిమిది స్టేషన్లు వెనక్కి రావాలి. ఆ ఆరేడు కిలోమీటర్లకి చివరికి బండో, షేర్ ఆటోనో, బస్సో గతి అవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ. పటం మీద నగరానికి అవతలి కొసలా కనిపిస్తాయి. కానీ మీ ఆఫీసు రాయదుర్గం స్టేషన్ నుంచి నడిచేంత దూరంలో ఉంటే రైలు మారకుండా ఒకే బ్లూ లైన్ మీద దిగిపోవచ్చు. నాగోల్లో ఎక్కితే అది మొదటి స్టేషన్, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. దాదాపు గంట పడుతుంది, వాన పడినా ఆ గంట గంటే. పుస్తకం చదువుకునే గంటకీ, బయోడైవర్సిటీ జంక్షన్లో క్లచ్ తొక్కుతూ కూర్చునే గంటకీ చాలా తేడా ఉంది.

మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసయితే స్టేషన్ నుంచి ఇంకో ప్రయాణం చేయాలి. కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లకి గౌలిదొడ్డి, గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ ఒక వైపు, మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి ఇంకో వైపు. ఏ వైపైనా రోజూ ఏ జంక్షన్ దాటాలో ముందు చూసుకోండి. దాటాల్సిన పెద్ద జంక్షన్లు ఒకటి మించితే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. "రేపు మెట్రో వస్తుంది, ఫ్లైఓవర్ వస్తుంది" అని బ్రోకర్ చెప్పే మాటకి ఈరోజు అద్దె ఎక్కువ కట్టకండి.

పరీక్ష ఇలా చేయాలి. మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు పెట్టుకోండి, చాలా ఆఫీసులు నిండేది ఆ రోజుల్లోనే. ఇల్లు చూడబోయే వీధిలోంచి మీ షిఫ్టు వేళకి బయల్దేరి ఆఫీసు గేటు దాకా వెళ్లండి, సాయంత్రం ఆరున్నరకి తిరిగి రండి. ఇంకా సొంత ఊర్లోనే ఉంటే గూగుల్ మ్యాప్స్‌లో చేరాల్సిన సమయం పెట్టి చూడండి. అది "30 నుంచి 60 నిమిషాలు" అంటే 60నే నమ్మండి. పార్కింగు, సెక్యూరిటీ, లిఫ్టు వరస కలిపి మరో పది నిమిషాలు వేయండి. ఒక వైపుకి 45 నిమిషాలు దాటితే ఇంకో ఏరియా చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూసి, "అరగంటే పట్టింది" అనుకుని అడ్వాన్సు ఇచ్చేయడం అన్నిటికంటే ఎక్కువమంది చేసే తప్పు.

నీళ్లు

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు రావడం వాళ్లకి ప్రశ్న కానే కాదు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ బండ. భూగర్భ జలం ఆ బండ పగుళ్లలోనే ఉంటుంది. పైన ఇళ్లు, రోడ్లు కప్పేసిన చోట వాననీరు లోపలికి ఇంకదు, వందల బోర్లు ఒకే పగులు నుంచి తోడతాయి. అందుకే పడమటి కాలనీల్లో మార్చి దాటగానే బోర్లు గాలి కక్కుతాయి.

ఇల్లు చూసేటప్పుడు మూడు మాటలు అడగండి: బోరా, మంజీరానా, ట్యాంకరా? జలమండలి (నగరానికి నీళ్లిచ్చే సంస్థ) పైపులో వచ్చేది కృష్ణా నీళ్లయినా, గోదావరి నీళ్లయినా ఇక్కడి జనం వాడుకలో అవి "మంజీరా నీళ్లే". చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు వస్తాయి, కాబట్టి సంపు ఎంత పెద్దదో కూడా కావాలి. ఓనర్ని అడిగితే "నీళ్లకి ఢోకా లేదు" అంటారు. వాచ్‌మన్ని విడిగా అడగండి: "అన్నా, మే నెలల రోజుకెన్ని ట్యాంకర్లు వస్తయి?"

ఆయన చెప్పిన అంకెని సరిచూసే లెక్క ఉంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ ప్రమాణం. నలుగురికి 540. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి రోజుకు 21,600 లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైనే. ట్యాంకరు 1,500 రూపాయలు అనుకున్నా నెలకి 90,000, ఫ్లాటుకి 2,250. ఈ సొమ్ము మామూలు మెయింటెనెన్స్‌లో కలిసే ఉందా, వేసవిలో విడిగా పంచుతారా అన్నది ముందే తేల్చుకోండి. పక్క వీధిలో రెండు వేలు తక్కువ అద్దెకి వచ్చిన ఇల్లు ఇక్కడే ఖరీదైపోతుంది.

తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లండి. కుళాయి మూతి చుట్టూ, షవర్ రంధ్రాల్లో సున్నం పూసినట్టు తెల్లటి గార కట్టి ఉంటే అవి బోరు నీళ్లు, గట్టి నీళ్లు. గోళ్లతో గీకితే పెచ్చుగా ఊడుతుంది. అదే గార గీజర్ రాడ్డుకీ పట్టి కాల్చేస్తుంది, వాషింగ్ మెషిన్ని పాడుచేస్తుంది, సబ్బు నురగ రానివ్వదు. నీళ్లలో కరిగిన లవణాల్ని (టీడీఎస్) కొలిచే, చేతిలో పట్టే మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2,000 దాకా. చూసిన ఇల్లు ఏ అంకెకి దగ్గరో చూసుకోండి. పై అంతస్తయితే 20 లీటర్ల బకెట్టు కుళాయి కింద పెట్టండి, నిండటానికి మూడు నిమిషాలు మించితే ఒత్తిడి లేనట్టే. ట్యాంకు నెత్తి మీదే ఉండటం వల్ల పై అంతస్తుకే ఒత్తిడి తక్కువ.

రాత్రి ఒకసారి, వాన తర్వాత ఒకసారి

పగలు నచ్చిన కాలనీకి రాత్రి పది దాటాక మళ్లీ వెళ్లండి. జీడిమెట్ల, బొల్లారం లాంటి పారిశ్రామికవాడలకి దగ్గరైన చోట్ల రసాయనాల వాసన రాత్రిపూటే తెలుస్తుంది. పగటి ఎండకి పైకి లేచిపోయే గాలి రాత్రి చల్లబడి నేలమట్టానే నిలుస్తుంది, చలికాలంలో మరీ. మెయిన్ రోడ్డు నుంచి ఇంటి దాకా వీధి దీపాలు ఉన్నాయా, ఆ వేళకి మెడికల్ షాపు తెరిచి ఉందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

వరద సంగతి కిరాణా కొట్టులో అడగండి. "2020 అక్టోబరు వానలకి ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అంటే షట్టర్ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. సెల్లారులో గోడ మీద మట్టి గీత ఉందేమో, మోటారు, కరెంటు ప్యానెల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. కాలనీ పేరులో "చెరువు", "కుంట" ఉంటే ఒకటికి రెండుసార్లు వాకబు చేయండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) లోపల కట్టినవాటి మీద 2024 నుంచి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చర్యలు తీసుకుంటోంది, అద్దెకున్నవాళ్లకీ ఆ తలనొప్పి తప్పదు.

ఇంటి నుంచి పనిచేసే రోజులుంటే బెడ్‌రూమ్‌లో తలుపు వేసుకుని ఒక వీడియో కాల్ చేయండి. అపార్ట్‌మెంట్లోకి ఎన్ని ఫైబర్ కంపెనీల్ని రానిస్తున్నారో కూడా అడగాలి. ఒక్కటే అయితే అది ఆగిన రోజు మీరూ ఆగుతారు.

బడి

చిన్న పిల్లలకి బస్సులో అరగంట మించకూడదు. ఇల్లు ఖాయం చేసుకోకముందే బడిలో సీటు కనుక్కోండి, ఆ బడి బస్సు మీ వీధిలో ఆగుతుందో లేదో అడగండి. బెంగళూరు, పుణె నుంచి తిరిగొచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: తెలంగాణ బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. ఎప్పుడూ చదవని పిల్లల్ని ఏ స్థాయిలో మొదలుపెడతారో బడినే అడగండి.

డబ్బు, కాగితం

అడ్వాన్సు మామూలుగా రెండు నెలల అద్దె. ఇల్లు చూడకుండా టోకెన్ పంపకండి. "ఓనరు వేరే రాష్ట్రంలో ఉన్నారు, గేట్ పాస్‌కి డబ్బు వేయండి" అంటే అది మోసమే. కరెంటు బిల్లు మీదా, ఆస్తి పన్ను రసీదు మీదా ఉన్న పేరు, అగ్రిమెంట్ మీద సంతకం చేసేవాళ్ల పేరు ఒకటేనా చూడండి. అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు. అందులో అద్దె ఎంత శాతం పెరుగుతుందో, నోటీసు ఎన్ని నెలలో, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకుంటారో అంకెల్లో ఉండాలి. "అప్పుడు చూసుకుందాం" అన్న మాట దగ్గరే ఎక్కువ తగవులు పుడతాయి. పాత ఆదాయపు పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కావాలంటే, ఏడాదికి అద్దె లక్ష దాటినప్పుడు ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఇస్తారా లేదా చేరకముందే అడగండి.

వీలైతే కుటుంబాన్ని వెంటనే తీసుకురాకుండా రెండు మూడు వారాలు ఆఫీసు దగ్గర హాస్టల్లో ఉండి వెతకండి. పైన చెప్పినవన్నీ చూడటానికి ఆ మాత్రం టైమ్ కావాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బదిలీలు, బడి సెలవులు కలిసి ఇళ్లకి గిరాకీ ఎక్కువ. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, టు-లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, ఓనర్లు బేరానికి దిగుతారు. అప్పుడు మాట్లాడుకుని, అగ్రిమెంటు శ్రావణం మొదటి రోజు నుంచి రాయించుకోండి. పాలు పొంగించిన రోజే కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి, పాత బాకీ మీ బిల్లులోకి రాకుండా.