ముసలోళ్ల యాది – మూడో పాఠం: ‘ఏ సంవత్సరం?’ అని అడగకండి

ఇంట్లో ముసలోళ్ల జ్ఞాపకాలు అడిగి రాసుకునేటప్పుడు “తేదీ కూడా రాసుకోండి” అని పోయిన పాఠంలో ఒక్క మాట అన్నాను. తప్పు నాదే. సగం మంది నాయనమ్మ ముందు ఫోన్ పెట్టి “రజాకార్లు మన ఊరికి ఏ సంవత్సరంలో వచ్చారు?” అని అడిగారు. (రజాకార్లంటే నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ ప్రైవేటు సైన్యం.) “ఏమో బిడ్డా, నాకేమెరుక” అని ఆమె లేచి లోపలికి పోయింది.

రికార్డింగు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నేనైతే మొదటి రోజు ఫోనే తీయను. చింతపండు గింజలు తీస్తూ పక్కన కూర్చుంటాను.

సంవత్సరం వద్దు, ఆనవాలు అడగండి. “అప్పటికి నీ పెండ్లయిందా?” “జొన్న కోతకొచ్చిందా?” “బతుకమ్మకు ముందా, తర్వాతనా?” నాకు ఇష్టమైనది ఈ చివరిది. నిజాం భారత సైన్యానికి లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న. రజాకార్ల కాలం అక్కడితో ముగిసింది. ఆ ఏడు బతుకమ్మ అక్టోబర్ మొదట్లో వచ్చింది. “రజాకార్ల భయం పోయినంక ఆడిన మొదటి బతుకమ్మ” అని ఆమె అన్నదంటే తేదీ దొరికినట్టే. పాత కాగితంలో ఫసలీ సంవత్సరం (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) కనిపిస్తే 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరానికి సుమారుగా సరిపోతుంది.

ఇక నాకు ఒళ్లు మండించే సంగతి. “1950లో రజాకార్లు మా గడ్డివాము తగలబెట్టారు” అని ఒకరు రాసి పంపారు. 1950లో రజాకార్లు ఎక్కడున్నారండీ? నల్లగొండలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. చివరి మూడేళ్లు కమ్యూనిస్టు దళాల కోసం ఊళ్ల మీద పడ్డది యూనియన్ (భారత ప్రభుత్వ) మిలిటరీ, పోలీసులు. నాయనమ్మ రెండు కాలాలకూ “పోలీసోళ్లు” అనే అంటుంది. ఆమె తప్పు చెప్పలేదు, కలిపేసింది మనమే. పిల్లలకు ఒకే దుర్మార్గుడుంటే కథ చెప్పడం సులువు కదా! నేనూ అదే చేశాను. మా తాతను రజాకార్లు కొట్టారని మా అమ్మాయికి ఏళ్ల తరబడి చెప్పుకొచ్చాను. ఆయన దెబ్బలు తిన్నది 1949లో, మిలిటరీ క్యాంపులో.

కాబట్టి “పోలీసోళ్లు” అనే మాట వినగానే ఆపి అడగండి: “నిజాం పోలీసులా, క్యాంపోళ్లా (యూనియన్ మిలిటరీ వాళ్లా)?” ఆమె తడబడితే ఇంకోటి: “సంఘపోళ్లు (పోరాటం చేసిన కమ్యూనిస్టు దళాల వాళ్లు) అప్పుడు ఊళ్లనే తిరుగుతుండెనా, అడవికి పోయిండ్రా?” దేవరకొండ దిక్కు వాళ్లకు “నల్లమలకు (దగ్గర్లోని అడవికి) పోయిండ్రు” అనే జవాబు రావచ్చు. అదైతే దాదాపు ఖాయంగా 1948 సెప్టెంబర్ తర్వాతి సంగతి.

అభ్యాసం: ఒక్క సంఘటన, మూడు ఆనవాళ్లు. దాన్ని ఇంట్లో పదేళ్ల పిల్లకు చెప్పండి. మూడు రోజులాగి, ఆ పిల్ల చేత నాయనమ్మకే చెప్పించండి. నాయనమ్మ ఎక్కడ “అట్ల కాదే” అంటుందో, ఆ చోటు ఒక్కటే రాసి పంపండి.