పికప్ కిర్రుమంటుంటే ముందు ఏ కీలు అరుస్తోందో కనిపెట్టండి

బండి కిర్రుమనగానే కింద దూరి, కనిపించిన ప్రతి కీలుకీ ఆయిల్ కొట్టడం చాలామందికి అలవాటు. శబ్దం నాలుగు రోజులు ఆగుతుంది. ఈలోగా ఆ ఆయిల్, కీళ్లలో ఇనుము ఇనుముతో రాసుకోకుండా ఉంచే రబ్బరు బుష్‌లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, దుమ్మును అంటించుకుంటుంది. అన్నీ తడిసిపోయాక ఏది అరిచిందో తేల్చడమూ కష్టమే.

ముందు శబ్దం ఎప్పుడు వస్తోందో గమనించండి. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కిదిగేటప్పుడు కిర్రుమంటే కమాన్ కట్టలో (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) పట్టీలైనా, బుష్‌లైనా కారణం కావచ్చు. టక్‌మని కొట్టినట్టుంటే కమాన్ కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టు వదులైందేమో, షాక్ అబ్జార్బర్ బిగింపు అరిగిందేమో చూడాలి. స్టీరింగ్ తిప్పినప్పుడే వస్తే మొదట ముందు చక్రాల బాల్ జాయింట్లను (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండ్రటి కీళ్లు) అనుమానించండి. గుంతలు లేని రోడ్డు మీద కూడా వేగంతో పాటు కిచకిచ పెరుగుతుంటే అది సస్పెన్షన్ కాకపోవచ్చు, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు (క్రాస్) ఎండిపోయి ఉండొచ్చు. వాన పడితే శబ్దం మాయమై, ఎండగానే తిరిగొస్తే రబ్బరో పట్టీలో పొడిబారాయన్నమాట.

ఇప్పుడు బండిని సమతలం మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఒకరు వెనక బంపర్ మీద నిలబడి బండిని ఊపాలి. ఇంకొకరు బయటి నుంచే చెయ్యి చాపి కమాన్ కట్ట చివరలను, షాకిల్‌ను (కమాన్ చివరను ఛాసీకి కలిపే ఊగే లింకు), షాక్ అబ్జార్బర్‌ను ఒక్కొక్కటిగా తాకి చూడాలి. అరిచే కీలు దగ్గర చేతికి సన్నగా అదురు తెలుస్తుంది. వేళ్లు షాకిల్‌కీ ఛాసీకీ మధ్యకు పోనివ్వకండి.

తర్వాత నీటి పరీక్ష. స్ప్రే సీసాతో ఒక్క కీలునే బాగా తడిపి మళ్లీ ఊపండి. శబ్దం ఆగినా, మారినా తప్పు అక్కడే. మారకపోతే తర్వాతి కీలుకు వెళ్లండి. నీళ్లు రబ్బరును పాడుచేయవు, కాసేపటికి ఆరిపోతాయి కాబట్టి ఎన్నిసార్లయినా చేసి చూడొచ్చు. ఈ పనికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

పట్టీలే అరుస్తున్నాయని తేలితే ఛాసీ కింద జాకీ పెట్టి ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీని నమ్మి బండి కిందకు దూరకూడదు. యాక్సిల్ కిందికి వేలాడితే పట్టీల చివరలు కాస్త విడతాయి. బ్రేక్ హోస్ లాగుడు పడకుండా చూసుకోండి. పట్టీల చివర ఉండే ప్లాస్టిక్ లేదా రబ్బరు ప్యాడ్ అరిగిపోతే ఇనుము ఇనుముతో రాసుకుని ఆ చోట మెరుస్తుంది. అలాంటప్పుడు ప్యాడ్ మార్చాలి. ప్యాడ్ బాగుంటే వైర్ బ్రష్‌తో మట్టీ తుప్పూ తీసి, పొడిగా ఆరిపోయే గ్రాఫైట్ స్ప్రే కొట్టండి. ఇక్కడ గ్రీజు పూస్తే ఇసుక పట్టి ఆకురాయిలా పట్టీలను అరగదీస్తుంది. విరిగిన పట్టీ కనిపిస్తే మాత్రం స్ప్రేతో సరిపెట్టకండి, కట్టను విప్పాల్సిందే.

బుష్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే లోపల లోహం లోహంతో రాసుకుంటోందని అర్థం. పలుగు పెట్టి కొద్దిగా ఎత్తి చూస్తే ఆట (వదులు) తెలుస్తుంది. పగిలిన బుష్‌ను మార్చేటప్పుడు రెండో వైపుది కూడా మార్చండి. బోల్టు తుప్పుతో పట్టేస్తే చొచ్చుకుపోయే ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. పెట్రోల్ లేదా డీజిల్ ట్యాంకు, బ్రేక్ పైపులు ఉన్నచోట మంట పెట్టొద్దు. కొత్త రబ్బరు బుష్ ఎక్కించడానికి సబ్బునీళ్లు చాలు. పాలీయురేథేన్ బుష్‌కు సిలికాన్ గ్రీజు తప్పనిసరి, లేకపోతే కొత్తదే కిర్రుమంటుంది.

చాలా గ్యారేజీల్లో పని చెడేది దీని తర్వాతే. యాక్సిల్ వేలాడుతుండగా రబ్బరు బుష్ బోల్టులను పూర్తిగా బిగించేస్తారు. బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది, మళ్లీ శబ్దం మొదలవుతుంది. పైన ఉండగా చేత్తో వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీదకు వచ్చాకే బిగింపు బలం చూపే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి. ముందు చక్రాలను కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లకూ ఇదే పద్ధతి.

షాకిల్ పిన్నుకు నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉంటే కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా గ్రీజు గన్ కొట్టండి. ఎక్కకపోతే ఛాసీని ఎత్తి బరువు తీసి చూడండి. బరువు పడే వైపు ఖాళీ వచ్చి గ్రీజు లోపలికి పోతుంది.

యూ బోల్టులు విప్పితే పాతవి తిరిగి వాడకండి, ఒకసారి సాగినవి పట్టు నిలుపుకోవు. కొత్తవాటిని ఎదురెదురుగా, విడతలుగా బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్క్ చూడండి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ పక్కకు జరుగుతుంది కాబట్టి, కమాన్ ముందు బ్రాకెట్ నుంచి యాక్సిల్ వరకు దూరం రెండు వైపులా సమానంగా ఉందో టేపుతో కొలవండి.

బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగి లోపలికి నీళ్లు పోతే కిర్రుమంటుంది. చక్రాన్ని ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కీలులో ఆట కనిపిస్తే గ్రీజుతో కాలం గడపొద్దు. ఆ కీలు ఊడితే చక్రం పక్కకు మడతపడుతుంది. మార్చేదాకా బండి రోడ్డెక్కకూడదు, మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.