బండలాగుడు లైవ్ ఆగితే ముందు మీ ఫోనే మోగాలి

ఒంగోలు గిత్తల పోటీ పొద్దున మొదలైతే చీకటి పడేదాకా సాగుతుంది. అంతసేపు యూట్యూబ్ లైవ్‌ను కళ్లార్పకుండా చూస్తూ కూర్చోవడం ఎవరివల్లా కాదు. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో పచ్చ గుర్తు ఉంది కదా అంటారు. ల్యాప్‌టాప్ నుంచి డేటా పోతోందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. మైకు వైరు ఊడినా, కెమెరా హ్యాంగైనా అది పచ్చగానే ఉంటుంది. అందుకే పరీక్ష చూసేవాళ్ల వైపు నుంచి జరగాలి.

లైవ్‌ను తనంతట తాను పరీక్షించే కంప్యూటర్‌ను, అంటే చెకర్‌ను, గ్రౌండ్‌లో పెట్టకండి. అక్కడ నెట్ పోతే అలారం కూడా బయటికి రాదు. పోటీ కందుకూరు దగ్గరైతే, నెల్లూరులో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదున్న పాత కంప్యూటరైనా సరిపోతుంది. అందులో బొమ్మనూ ధ్వనినీ పరీక్షించే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, లైవ్‌ను దించుకునే స్ట్రీమ్‌లింక్ వేసుకోండి, రెండూ ఉచితమే. లైవ్‌ను 360పీలో లాగితే చాలు. 1 ఎంబీపీఎస్ అనుకున్నా గంటకు 450 ఎంబీ అవుతుంది. లాగే లింకు కొన్ని గంటలకు చెల్లదు కాబట్టి, తెగితే మళ్లీ కొత్త లింకు తెచ్చుకునేలా స్క్రిప్టు రాయండి.

మొదట చూడాల్సింది ప్లేలిస్టు, అంటే లైవ్ వీడియో చిన్న ముక్కల జాబితా. అందులో ముక్కల సీక్వెన్స్ నంబరు పెరుగుతూ ఉండాలి. టార్గెట్ డ్యూరేషన్‌కు, అంటే అందులోనే రాసి ఉండే ఒక్కో ముక్క గరిష్ఠ నిడివికి, మూడింతల సేపు కదలకపోతే స్ట్రీమ్ ఆగినట్టే.

అసలు తిప్పలన్నీ ఆగిపోయిన బొమ్మతోనే. దీన్ని పట్టేది ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లోని ఫ్రీజ్‌డిటెక్ట్ ఫిల్టర్. కానీ మీ స్క్రీన్ కింద యజమాని పేరు, లాగిన అడుగులు, నడిచే గడియారం ఉంటాయి కదా. కెమెరా హ్యాంగైనా గడియారం తిరుగుతూనే ఉంటుంది, ఫిల్టర్ అంతా బాగుందనుకుంటుంది. కాబట్టి 640×360 బొమ్మలో కింది 80 గీతలు క్రాప్‌తో తీసేసి, పైభాగాన్నే పరీక్షించండి. ఎంత తేడాను కదలికగా లెక్కించాలో చెప్పే డీఫాల్ట్ గీత -60 డీబీ కూడా పనికిరాదు. కీఫ్రేమ్ (బొమ్మ మొత్తాన్ని కొత్తగా పంపే ఫ్రేము) వచ్చినప్పుడల్లా ఆగిన బొమ్మ సైతం కాస్త అదురుతుంది, దాన్ని కదలిక అనుకుని వదిలేస్తుంది. -50 పెట్టండి. సమయం మాత్రం 10 సెకన్లు ఇవ్వండి, లేదంటే జత మారే విరామంలో ఖాళీ గ్రౌండ్‌ను చూసి ఊరికే అరుస్తుంది. నల్ల తెరకు బ్లాక్‌డిటెక్ట్ 3 సెకన్లతో చాలు.

ధ్వని దగ్గర చాలామంది పొరబడతారు. మైక్‌సెట్ వైరు ఊడితే పూర్తి నిశ్శబ్దం రాదు, సన్నగా హమ్ వస్తుంది. పొద్దునే వైరు పీకి ఆ హమ్ ఎన్ని డీబీ ఉందో కొలవండి. దానికి 6 డీబీ పైన నిశ్శబ్దాన్ని పట్టే సైలెన్స్‌డిటెక్ట్ గీత పెట్టండి. అందులో మోనో ఆప్షన్ ఆన్ చేస్తే ఎడమ, కుడి విడివిడిగా చూస్తుంది. ఒక చెవిలోనే కామెంటరీ వచ్చే రోగం అలా దొరుకుతుంది.

అలారం టెలిగ్రామ్ బాట్‌తో పంపండి. ప్లేలిస్టు ఒక్కసారి అందకపోయినంత మాత్రాన మోగించొద్దు. 10 సెకన్లకోసారి చూస్తూ వరసగా మూడుసార్లు తప్పితేనే పంపాలి. లేకపోతే మధ్యాహ్నానికల్లా విసిగిపోయి నోటిఫికేషన్లు ఆపేస్తారు.

గ్రౌండ్ ల్యాప్‌టాప్‌లో ఇంకో స్క్రిప్టు ఓబీఎస్ పరిస్థితిని వేరే ప్రోగ్రాములకు చెప్పే వెబ్‌సాకెట్‌ను, అంటే 4455 పోర్టును, అడుగుతూ ఉండాలి. ఓబీఎస్ 28 నుంచి అది లోపలే వస్తోంది. నిమిషంలో డ్రాప్ అయిన ఫ్రేములు 1 శాతం దాటితే నెట్ బిగుసుకుందని అర్థం, బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 4500 కేబీపీఎస్ నుంచి 2500కు దించండి. ఎన్‌కోడింగ్ లాగ్, అంటే వీడియోను కుదించడంలో వెనకబడటం, పెరిగితే మాత్రం బిట్‌రేట్ జోలికి పోకండి. అది ప్రాసెసర్ బాధ, 720పీకి మారాలి.

ముందురోజు ఖాళీ గ్రౌండ్‌లో వచ్చిన అప్‌లోడ్ స్పీడు నమ్మకండి. జనం చేరి అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద పడ్డాకే అసలు లెక్క తెలుస్తుంది. డేటా ప్యాక్ కూడా చూసుకోండి. 4500 కేబీపీఎస్ అంటే గంటకు దాదాపు 2 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాకైతే మొదటి గంటలోనే అయిపోయి 64 కేబీపీఎస్‌కు పడిపోవచ్చు.

చివరికి కావాలనే చెడగొట్టి చూడండి, అన్‌లిస్టెడ్ లైవ్ (లింకు ఉన్నవాళ్లకే కనిపించేది) పెట్టి. లెన్స్ క్యాప్ వేయండి, మైకు పీకండి, కెమెరా బదులు ఒక ఫొటో పెట్టి గడియారం తిరగనివ్వండి, ఆఖరున నెట్ డాంగిల్ లాగేయండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు ఆగండి. యూట్యూబ్ నార్మల్ లేటెన్సీ సెట్టింగ్‌లో చూసేవాళ్లకు లైవ్ ఆలస్యంగానే చేరుతుంది కాబట్టి అలారం నిమిషంన్నరలోపు వస్తే చాలు. ఏ ఒక్కదానికి రాకపోయినా ఆ పరీక్ష గీత సరిచేసి, ఆ ఒక్కటే కాక నాలుగూ మళ్లీ చెడగొట్టి చూడాలి.