కోళ్ల ఎరువును కూరగాయల మడిలో వేసే ముందు ఎలా మాగబెట్టాలి?

కోళ్ల ఎరువును సరిగ్గా మాగబెట్టకపోతే, యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా మడిలోకి చేరొచ్చు. అలాంటి బ్యాక్టీరియా అనగానే ఆసుపత్రులే గుర్తొస్తాయి. కానీ ఆ గుణాన్నిచ్చే జన్యువులు మట్టిలో ఎప్పటినుంచో ఉన్నాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది మట్టి బ్యాక్టీరియాలోనే. మందును తయారుచేసే జీవి, ఆ మందు తననే చంపకుండా కాపాడే జన్యువును కూడా తనలో ఉంచుకుంటుంది. 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలోనూ ఇలాంటి జన్యువులు కనిపించాయి.

వాటిని చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది పచ్చి కోళ్ల ఎరువు గురించి. కోళ్లకు వాడిన మందుల అవశేషాలు, వాటికి అలవాటుపడిన పేగు బ్యాక్టీరియా రెండూ అందులో ఉండొచ్చు. బ్యాక్టీరియా తమ జన్యువులను పక్కనున్న వేరే జాతికి కూడా అందించగలవు. కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ఇలాగే చేతులు మారుతుందని 2015లో చైనాలో బయటపడింది. కొలిస్టిన్ అంటే వేరే మందులేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు వాడే మందు. పశువులకు, కోళ్లకు దాని వాడకాన్ని మన దేశం 2019లో నిషేధించింది.

ముందుగా ఎరువు ఎక్కడిదో అడగండి. బ్రాయిలర్ షెడ్డుదైతే అందులో ఊక కలిసే ఉంటుంది. గుడ్ల కోళ్ల బోనుల కింద తీసింది దాదాపు ఉత్త పెంటే, దానికి తరిగిన వరిగడ్డి, ఎండుటాకులు ఎక్కువగా కలపాలి. ఘాటు వాసన కళ్లకు కొడుతుంటే గడ్డి చాలలేదని అర్థం.

బావికీ, కాలువకూ దూరంగా, కనీసం మూడడుగుల ఎత్తు, అంతే వెడల్పుతో కుప్ప వేయండి. చిన్న కుప్ప వేడెక్కదు. తడి ఎంతుండాలంటే, గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. వానకు తడవకుండా పైన పట్టా కప్పండి.

అసలు పని వేడిది. కుప్ప లోపల 55 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పొడవు కాడ థర్మామీటర్ కొనడమే మంచిది, చేత్తో తాకి అంచనా వేస్తే నమ్మలేం. పై పొర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కాబట్టి, అక్కడి బ్యాక్టీరియా బతికిపోతుంది. అందుకే పైది లోపలికి, లోపలిది పైకి వచ్చేలా తిరగెయ్యాలి. వేడి 55 పైనే ఉండేలా 15 రోజులు, ఆ లోపు ఐదుసార్లు తిరగేయాలన్నది అమెరికా సేంద్రియ సాగు నియమం. బద్ధకించి రెండుసార్లతో సరిపెడితే చేసిన శ్రమంతా వృథా. తర్వాత ఒకటి రెండు నెలలు కదపకుండా వదిలేయండి. నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసన వస్తే మాగినట్టే.

మాగబెడితే ఈ జన్యువుల్లో చాలావరకు తగ్గుతాయి కానీ అన్నీ పోవు. కాబట్టి మాగిన ఎరువును కూడా దుక్కిలోనే కలపండి, ఎదిగిన కొత్తిమీర, పాలకూర మీద చల్లకండి. ఎరువు ఎత్తేటప్పుడు గ్లౌజులు, మాస్కు వేసుకోండి, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇప్పటికే పచ్చి ఎరువు వేసేసి ఉంటే, ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ లాంటి నేలకు తగిలే పంటలను 120 రోజుల దాకా కోయకండి. నేలకు తగలని కాయలకైతే 90 రోజులు ఆగాలి.