గోతిక్ పోర్ట్రెయిట్ షూట్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

గోతిక్ షూట్ (నలుపు, నీడలు, పాతకాలపు విషాద ఛాయతో తీసే ఫొటోలు) అనగానే ముందు నల్ల గౌను, నల్ల లిప్‌స్టిక్ కొనేస్తారు. వెలుగు ఎటు నుంచి పడాలన్నది షూట్ రోజు పొద్దున ఆలోచిస్తారు. కింద చెప్పే తిప్పలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

ముఖం బూడిద పూసినట్టు, మెడ వేరే రంగులో వస్తోంది

కారణం: గోతిక్ అంటే తెల్లటి ముఖమే అనుకుని చర్మం రంగు కంటే రెండు మూడు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ వేయడం. దానికి తోడు కొన్ని సన్‌స్క్రీన్లలో, పౌడర్లలో ఉండే టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఫ్లాష్ వెలుగును తిప్పికొట్టి ముఖాన్ని ఇంకా తెల్లగా చేస్తాయి.

పరిష్కారం: మోడల్ రంగుకు సరిపోయే, మెరుపు లేని మ్యాట్ ఫౌండేషనే వేయండి. పాలిపోయిన భావం కావాలంటే బ్లష్ మానేసి, కళ్ల గుంటల్లో ముదురు గోధుమరంగు షేడ్ అద్ది, ఎడిటింగ్‌లో రంగుల గాఢత కొంచెం తగ్గించండి. మన చామనచాయ ముఖం మీద ఒక పక్క నుంచే వెలుగు పడితే చెంప ఎముక దగ్గర సన్నటి మెరుపు వచ్చి, రెండో పక్క నీడలోకి జారిపోతుంది. గోతిక్ ఫొటోకి కావలసింది ఆ నీడే. పౌడర్ డబ్బాతో అది రాదు. అమ్మాయి రంగును దాచేసి తీసిన ఫొటో నాకు ఎప్పుడూ నచ్చలేదు. అది ఆమె ఫొటో కాదనిపిస్తుంది.

నల్ల గౌను బూడిద రంగులో వస్తోంది

ఫ్రేమంతా నలుపైతే వెలుగును కొలిచే కెమెరా మీటర్ దాన్ని మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 నుంచి మైనస్ 1.7 దాకా తగ్గించండి, లేదా ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో ముఖం మీద కొలవండి. బట్ట కూడా ముఖ్యమే. శాటిన్ మెరుస్తుంది, వెల్వెట్ వెలుగును మింగేస్తుంది. కానీ మే నెల వరంగల్ ఎండలో వెల్వెట్ తొడిగించకండి, పాపం. డిసెంబర్, జనవరి పొద్దుటిపూట పెట్టుకుంటే ఆమెకూ హాయి, వెలుగూ మెత్తగా ఉంటుంది.

జుట్టు వెనకాల చీకట్లో కలిసిపోయింది, కళ్లలో జీవం లేదు

వెనక పక్క నుంచి, ఫ్రేములో కనబడకుండా చిన్న ఎల్‌ఈడీ లైటు జుట్టు మీద పడేలా పెట్టండి. కళ్లలో మెరుపు కోసం గడ్డం కిటికీ వైపు కొద్దిగా తిప్పమనండి, చాలకపోతే ఛాతీ కింద తెల్ల థర్మకోల్ షీటు పట్టుకోండి. నీడ చాలకపోతే వెలుగు లేని పక్కన నల్ల చార్టు నిలబెట్టండి. చౌక ఎల్‌ఈడీ వాడితే ఫొటోలో అడ్డచారలు రావచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర ఉంచితే చాలావరకు పోతాయి.

వరంగల్ ఖిలాలో తీశాం, ప్రీ వెడ్డింగ్ షూట్‌లా ఉంది

అక్కడి కాకతీయ తోరణం తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది. చూసేవాళ్ల కన్ను ముందు తోరణం మీదికే పోతుంది, తర్వాతే అమ్మాయి మీదికి. పైగా కాకతీయుల కట్టడం స్తంభం మీద దూలం పెట్టే పద్ధతి. గోతిక్‌కు ప్రాణమైన మొనదేలిన కమాను అందులో ఉండదు. అదే ఖిలాలో ఆ తర్వాత కట్టిన ఖుష్ మహల్‌లో అలాంటి కమానులు ఉన్నాయి. ఇవి పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు కాబట్టి ట్రైపాడ్, లైట్లు తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి అడగండి. అసలైన గోతిక్ పునరుద్ధరణ శైలి (పాత యూరప్ చర్చిల పద్ధతిని మళ్లీ తెచ్చిన కట్టడ శైలి) చూడాలంటే 1924లో ప్రారంభమైన మెదక్ చర్చికి వెళ్లండి. అయితే అది ప్రార్థన జరిగే చోటు. కమానులూ రంగుటద్దాలూ చూసి నేర్చుకోండి, షూట్ మాత్రం అక్కడ వద్దు. వేయిస్తంభాల గుడి, రామప్ప విషయంలోనూ నా మాట ఇదే.

నా ఓటు పాత గడీలకే, అంటే ఊళ్లలో దొరల పాత భవంతులకే. యజమాని ఒప్పుకుంటే చెక్క తలుపు ఒక రెక్క మూసి, రెండో రెక్క సందులోంచి వచ్చే వెలుగులో తీయండి.

ఊళ్లో జనం గుమిగూడారు, గొడవయ్యేలా ఉంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల మీద దాడులు జరిగిన ప్రాంతం మనది. పరకాల వైపు ఒక గడీలో సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించామో లేదో, పది నిమిషాల్లో వాకిట్లో ఇరవై మంది నిలబడ్డారు. వాళ్ల భయం నిజమైనది. ముందుగా ఎవరికీ చెప్పకపోవడం మా తప్పు. అప్పటి నుంచి ఒకరోజు ముందే వెళ్లి సర్పంచ్‌కీ, పక్కింటి వాళ్లకీ ఫోన్లో పాత ఫొటోలు చూపిస్తున్నాను. పొద్దున్నే తీస్తున్నాను. పుర్రె బొమ్మలు, నిమ్మకాయలు, ఎర్రరంగు నీళ్లు తీసుకెళ్లను.

మోడల్ బిగుసుకుపోయింది

ఎలాంటి ఫొటోలు కావాలో ఆమెకు షూట్ రోజు దాకా తెలియకపోవడమే కారణం. వారం ముందే నమూనా ఫొటోలు పంపి, ఏది ఇష్టం లేదో అడగండి. ఫొటోలు ఎక్కడ పెడతారో రాతలో ఉండాలి. అక్కనో స్నేహితురాలినో వెంట తెచ్చుకోమని మీరే చెప్పండి. బట్టలు మార్చుకునే గది ఉందో లేదో చూడకుండా చోటు ఖాయం చేయకండి.

సాంబ్రాణి వేసినా పొగ కనబడటం లేదు

లైటు ముందు నుంచి కొడుతున్నారు. వెనక నుంచి కొట్టండి, వెనకాల నేపథ్యం చీకటిగా ఉంచండి. ధూపం పాత్ర, కొవ్వొత్తులు లేసు గౌనుకు దూరంగా ఉండాలి, సింథటిక్ బట్ట క్షణంలో అంటుకుంటుంది. ఒక బకెట్ నీళ్లు పక్కనే పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయండి.